వచ్చినారు

మన తెలుగుకు ఏం తక్కువ? తిట్టడానికి వెయ్యి మాటలున్నాయి, ముద్దు చేయడానికి పదివేలున్నాయి. నిషాత్‌కు సరిపడే మాట మాత్రం ఒక్కటే ఉంది, దాన్ని కూడా పెద్దమనుషుల కోసమని అటక మీద దాచిపెట్టుకున్నాం. మగవాడైతే వచ్చినాడు. ఆడమనిషైతే వచ్చింది. బర్రె వచ్చినా వచ్చింది, బస్సు వచ్చినా వచ్చింది, కన్నతల్లి వచ్చినా వచ్చిందే. ఇదేం న్యాయమని ఎవరూ అడగరు, అడిగితే పిచ్చంటారు. నిషాత్ అడిగారు. నేను తన గురించి చెప్పినంతసేపూ వచ్చారు, తిన్నారు, ఏడ్చారు అనే చెబుతాను. ఐదేళ్ళ బిడ్డకు అంత మర్యాదేమిటని ఎవరికైనా గొంతులో ముల్లు అడ్డం పడితే కాసిని మంచినీళ్ళు తాగండి. నేను మార్చేది లేదు.

హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టుకు పోయే దారిలో బుడన్‌సాబ్ పరుపుల అంగడి ఉంది. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక పరదా. తాతల కాలం నుంచీ దూదేకే పనే, ఇంట్లో మాట్లాడేదీ తెలుగే. బుడన్‌సాబ్‌కు, ఆయన భార్య జమీలాబీకి ఇద్దరు బిడ్డలు. పెద్దబిడ్డ నిషాత్, చిన్నది జరీనా. జరీనా వసపిట్ట. నిషాత్‌కు నాలుగేళ్ళు నిండినా మాట రాలేదు. దూది ఏకే మిషను ఆన్ చేస్తే చాలు, చెవులు మూసుకుని పరుపుల సందులోకి దూరి వణికేవారు. పండక్కి జరీ గౌను తొడిగితే ఒళ్ళు మండుతోందని ఊడదీసి పారేసి, నాయన పాత చొక్కా వేసుకుని కూర్చునేవారు. మనుషుల కళ్ళలోకి చూసేవారు కాదు. చెప్పిన మాట చెప్పినట్టే నమ్మేవారు. ఒక్క నిమిషంలో వస్తానని జమీలాబీ పక్కింటికి పోతే, నిమిషం దాటిపోయిందని ఏడుస్తూ వీధిలో పడ్డ బిడ్డ.

మాటలు వచ్చాక మొదట పట్టుకున్నది ఈ తగువునే. "ఆటో వచ్చింది అంటావు. కరెంటు వచ్చింది అంటావు. నిషాత్ వచ్చింది అంటావు. అమ్మా, నేను ఆటోనా?" అని అడిగారు. జమీలాబీ పడీపడీ నవ్వి బిడ్డను ఒళ్ళోకి లాక్కుంది. "అయితే వచ్చినాడు అందాం పా!" అని బుడన్‌సాబ్ తన టోపీ తీసి నిషాత్ నెత్తిన పెట్టాడు. నిషాత్ ఆ టోపీతోనే పొద్దుగూకేదాకా ఆలోచించి, తీసి తిరిగిచ్చేశారు. "అది నీ మాట నాయనా. నాది కాదు" అన్నారు.

తన మాట బడిలో దొరికింది. తనిఖీకి ఒకాయన వస్తే పిల్లలందరూ లేచి నిలబడి "సార్ వచ్చినారు" అన్నారు. పై ఏడు ఆయన బదులు ఒకావిడ వస్తే "మేడమ్ వచ్చినారు" అన్నారు. అదే మాట! ఆడా లేదు, మగా లేదు, బర్రె లేదు, బస్సు లేదు. ఒక మనిషి వచ్చినారు, అంతే. ఆ సాయంత్రం నిషాత్ ఇంటి వాకిట్లో గిరగిరా తిరుగుతూ వచ్చినారు, వచ్చినారు అని పాడుకున్నారు. ఎవరొచ్చినారబ్బా అని పక్కింటివాళ్ళు తొంగి చూశారు.

పెద్దయ్యాక బయట ఉద్యోగాలేవీ పొసగలేదు. అంగట్లోనే కూర్చుని దబ్బనంతో పరుపులకు అంచులు కుట్టేవారు. ఇరవై దాటి నాలుగైదేళ్ళయ్యాక, మనసులో చాలాకాలం కూడబలుక్కున్న మాట ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర బయటపెట్టారు.

"నాయనా, అమ్మా. నేను ఆడమనిషిని కాదు. మొగమనిషినీ కాదు. నేను నిషాత్. నాతో మాట్లాడేటప్పుడు నువ్వు అంటే చాలు, దాంట్లో ఏ ఇబ్బందీ లేదు. నా గురించి ఇంకొకరికి చెప్పేటప్పుడు మాత్రం వచ్చింది పోయింది అనాకండి. వచ్చినారు అనండి. పోయినారు అనండి. ఇంకేం అడగను."

బుడన్‌సాబ్ ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం చూశాడు. తర్వాత నవ్వాడు చూడండి, పొలమారి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "ఏమే జమీలా, మనింట్లో కలెక్టరుండాడంట, మనకే తెలీకపాయె! లేచి సలాం కొట్టు!"

"కలెక్టరు కాదు నాయనా, నిషాత్" అని సరిదిద్దారు నిషాత్.

జమీలాబీ నవ్వలేదు. "నవమాసాలు మోసినదాన్ని. నా బిడ్డను పట్టుకొని వచ్చినారు పోయినారు అనల్లనా? అట్ల పరాయోళ్ళను అంటారు. కడుపున పుట్టినోళ్ళను అంటే కండ్లు పోతాయి. నా నోరు తిరగదు తల్లీ" అంది.

ఆ తల్లి అబద్ధం చెప్పలేదు. మన ఇళ్ళలో ప్రేమ లోపలికి వస్తే మర్యాద చెప్పులు తొడుక్కుని బయటికి పోతుంది. కొత్తల్లుడు వచ్చినారు, ఏడాది తిరిగితే వాడు వచ్చినాడు. అంత ముద్దు మనకు. కానీ నిషాత్‌కు ఆ ముద్దే చొక్కాలోపల ముల్లులా గుచ్చుకుంటుంటే ఏం చేయాలి? ఎవరికీ తోచలేదు. తోచేదాకా ఆలోచించనూ లేదు.

బుడన్‌సాబ్ నోట్లో నువ్వుగింజ నానదు. రొద్దం నుంచి దూది బేళ్ళు వేసుకొచ్చే ఉలిగప్పకు ఈ సంగతి నవ్వుతూ చెప్పేశాడు. ఆ పైవారం ఉలిగప్ప బండి దిగుతూనే, అంగడంతా వినపడేట్టు, "ఏమప్పా బుడనూ, దొరగారు లేచినారా? టిఫిను తిన్నారా?" అని కేకేశాడు.

నిషాత్ చేతిలోని దబ్బనం ఆగిపోయింది. లేచినారా! తిన్నారా! ఎవరూ బతిమాలకుండా, ఒక బయటి మనిషి, అంత గట్టిగా! మాటకు పైన ఒక అర్థం లోపల ఒక అర్థం ఉంటుందని, ఎగతాళి అనేది చక్కెర పూసుకుని వస్తుందని తనకు తెలియదు. ఆ రోజు నుంచి ఉలిగప్ప వచ్చే పొద్దు తెలిస్తే చాలు, తనే టీ తెప్పించేవారు, ఫ్యాను కింద చోటు ఖాళీ చేసేవారు. "ఉలిగప్పకు అర్థమయింది అమ్మా, నీకూ అయితాది" అని జమీలాబీకి ధైర్యం చెప్పేవారు. ఆ తల్లి ఏమనగలదు? బిడ్డ ముఖంలో అంత వెలుగు చూసి నోరు కుట్టేసుకుంది. కొన్ని నెలలపాటు నిషాత్ ఆ బండివాడి పలకరింపు కోసం బతికారు. హాస్యానికి అనడం లేదు, నిజంగానే బతికారు.

ఒక రోజు మిషను శబ్దానికి తాళలేక నిషాత్ పరుపుల వెనక దాక్కున్నారు. మిషను ఆగింది. ఉలిగప్ప గొంతు వినిపించింది. "ఆ మెంటల్ది యాడ పోయినాదప్పా? దొరగారూ అంటే పండ్లన్నీ బయటపెట్టి మురిసిపోతాది చూడు, దాన్ని చూస్తే కడుపు చెక్కలయితాది నాకు."

బుడన్‌సాబ్ నవ్వాడు. "ఆడనే యాడో ఉంటాది లే" అన్నాడు.

నిషాత్ పరుపుల వెనక నుంచి రాలేదు. పొద్దుగూకింది, రాలేదు. జమీలాబీ ఈడ్చుకొచ్చి మంచం మీద పడుకోబెడితే మాట లేదు, తిండి లేదు. గోడకు తలకాయ కొట్టుకోవడం, ఆగడం, మళ్ళీ కొట్టుకోవడం. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని బుడన్‌సాబ్ విసుక్కున్నాడు కానీ, గోడకు తలగడలు కట్టింది కూడా అతనే. వాళ్ళు రాక్షసులేమీ కాదు. రాక్షసులైతే తిట్టిపోయడం ఎంత సులువు!

గాలి సోకిందని నలుగురూ అన్నారు. జమీలాబీ బిడ్డను రైలెక్కించి పెనుకొండ దర్గాకు తీసుకుపోయింది. సాంబ్రాణి పొగకూ జనానికీ నిషాత్ అక్కడే వాంతి చేసుకున్నారు. దర్గాలో నెమలీకల కట్ట పట్టుకుని కూర్చున్న ముసలాయన కడగడానికి నీళ్ళు తెప్పించి, బిడ్డ ముఖం చూసి, "గాలీ లేదు ధూళీ లేదమ్మా. భయపడి ఉండారు. డాక్టరుకు చూపీ. కొట్టాకండి, కట్టేయాకండి" అన్నాడు. భయపడి ఉండారు. మామూలుగా అన్నాడు, ఎవరూ అడగకుండా అన్నాడు. నిషాత్ తల ఎత్తారు, కానీ ఇది కూడా ఉలిగప్ప మాటేమో అనిపించి మళ్ళీ దించుకున్నారు.

డాక్టరు బెంగళూరు నుంచి వారానికొకసారి హిందూపురం వచ్చేవాడు. రకరకాల ప్రశ్నలు వేసి, "ఇది ఆటిజం అమ్మా. జబ్బు కాదు, పిచ్చి కాదు. మెదడు తీరే అంత, పుట్టుకతోనే వచ్చింది. మీ తప్పేమీ లేదు" అన్నాడు. జమీలాబీ ఆ కుర్చీలోనే ఏడ్చింది. ఇన్నేళ్ళూ ఏం పాపం చేశానో అని కుమిలిన తల్లి కదా. నిషాత్‌కు కూడా గుండె మీది బండ దిగింది. మిషను శబ్దం, జరీ గౌను, కళ్ళలోకి చూడలేకపోవడం, అన్నింటికీ ఒక పేరుంది. తనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ సంతోషంలో రెండో మాట కూడా చెప్పేశారు, వచ్చినారు సంగతి.

డాక్టరు నిషాత్ వైపు చూడలేదు. జమీలాబీతో చెప్పాడు. "వీళ్ళకు ఏదో ఒకదాని మీద పట్టు పడుతుందమ్మా. ఒకరికి రైళ్ళు, ఒకరికి ఫ్యాన్లు. మీ అమ్మాయికి ఇది. ఆటిజం వల్ల వచ్చిన ఆలోచనే తప్ప నిజం కాదు. మీరు ఊ కొట్టకండి, అదే పోతుంది."

ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమంటే ఇదే. ఆటిజం ఉన్న మనిషికి తను ఎవరో తనకు తెలియదట! ఎదుటి కుర్చీలో ఉన్న మనిషికి వినపడదు అనుకునేవాడికి మాత్రం అన్నీ తెలుసట! అంతకుముందు నిషాత్ ఏం చెప్పినా గాలి అనేవాళ్ళు. ఇప్పుడు ఏం చెప్పినా "ఆటిజం కదా, దానికేం తెలుసు" అనడం మొదలుపెట్టారు. ఆడదాన్ని కాదు అంటే ఆటిజం. జుట్టు కత్తిరించుకుంటే ఆటిజం. ఏడిస్తే ఆటిజం. నిద్రకు మాత్రలిచ్చారు, అవి వేసుకుని నిషాత్ పగలూ రాత్రీ పడుకున్నారు. "చచ్చిపోవాలని లేదమ్మా, ఉండాలని లేదు" అని ఒకసారి జమీలాబీతో చెప్పారు. జమీలాబీ బిడ్డ నోటి మీద చేయి పెట్టి మూసేసింది.

అయితే ఆ పేరు వల్ల ఒక మేలు జరిగింది. ఫోన్‌లో ఆటిజం ఉన్న పెద్దవాళ్ళ గుంపు ఒకటి దొరికింది, అందులో ధర్మవరం అమ్మాయి గీతాంజలి పరిచయమయింది. మగ్గం నేసే ఇంటి పిల్ల, తనదీ ఇదే తీరు, మనుషుల కళ్ళలోకి చూడకుండా గంటలు మాట్లాడగలదు. "మా ఇంటికి రండి, కండెలు చుట్టే పని ఉండాది, ఎవరూ ఏమీ అడగరు" అని రాసింది. జమీలాబీకి ఆ ఇంటి ఫోన్ నెంబరు రాసిచ్చి నిషాత్ బయలుదేరారు. ధర్మవరం స్టేషన్లో దిగితే గీతాంజలి ఎదురొచ్చి, పక్కనున్న తల్లితో, "అమ్మా, నిషాత్ వచ్చినారు" అంది. నిషాత్ ప్లాట్‌ఫారం మీదే కూలబడి ఏడ్చారు. పోర్టర్లు, పూలమ్మేవాళ్ళు, అందరూ చూశారు. ఎవడు చూస్తే ఏం!

ఆ ఇంట్లో కొన్నాళ్ళు బాగా జరిగింది. మగ్గం చప్పుడు మిషను చప్పుడులాంటిది కాదు. ఒకే తీరుగా, ముందే తెలిసినట్టుగా వస్తుంది. నిషాత్ మగ్గం పక్కన కూర్చుని రాట్నం మీద కండెలకు పట్టునూలు చుట్టేవారు. గీతాంజలి తల్లి నాగరత్నమ్మ వచ్చినవాళ్ళతో, "వీళ్ళు హిందూపురం నుంచి వచ్చినారు, మా పాప స్నేహితులు" అనేది. నిషాత్ కడుపునిండా తినేవారు. మాత్రలు మానేశారు. పాటలు కూడా పాడుకునేవారు.

బెంగళూరులో చీరల డిజైన్లు గీసే ఉద్యోగం వచ్చి గీతాంజలి వెళ్ళిపోయింది. "మీరు ఈడనే ఉండండి, అమ్మకు తోడుగా" అని చెప్పి వెళ్ళింది. నాగరత్నమ్మ మంచిది, మంచిదంటే చాలా మంచిది. కూతురు లేని ఇంట్లో నిషాత్‌ను కూతురిలా చూసుకుంది. అక్కడే మునిగింది కొంప. ఒకనాడు పక్కింటి రామసుబ్బమ్మ "ఎవరే ఈయమ్మ?" అని అడిగితే, నాగరత్నమ్మ నిషాత్ తలమీద చేయి వేసి, "పరాయిదా ఏమన్నానా? ఇది మా బిడ్డే ఇప్పుడు. మా గీత పోయినాది, ఇది వచ్చింది" అంది. ఎంతో ముద్దుగా అంది. నిషాత్ చేతిలో నూలు తెగింది.

"నాగరత్నమ్మత్తా, వచ్చినారు అని కదా మీరు అనేవాళ్ళు" అని అడిగారు నిషాత్.

"అప్పుడు కొత్త కదా బంగారూ, మర్యాదకు అన్యాను. ఇప్పుడు మనం మనం ఒకటి. ఇంకా అండీ గిండీ అంటే నన్ను దూరం పెట్టినట్టు కాదా?"

చూశారా తమాషా! అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుగా ఉంది మన భాష. నిషాత్ ఎన్నిసార్లు వివరించినా నాగరత్నమ్మ "అట్లనే లే" అనేది, పది మాటలు దాటకముందే మళ్ళీ "ఇది తిన్నాది, ఇది పండుకున్నాది" అనేది. కోపంతో అనేవాళ్ళకైతే ఎదురు చెప్పొచ్చు. అన్నం కలిపి పెడుతూ అనేవాళ్ళకు ఏం చెబుతారు? నిషాత్‌కు మళ్ళీ నిద్ర కరువయింది. తలకాయ మగ్గం గుంజకు కొట్టుకోవడం మొదలయింది. గీతాంజలికి రాయాలని ఫోన్ తీసి, కొత్త ఉద్యోగంలో ఉంది పాపం అని పెట్టేసేవారు.

అలా ఉండగా ఒక ఆదివారం తెల్లవారి నిషాత్ ఒక నిర్ణయానికి వచ్చారు. హిందూపురం పోవాలి. అమ్మను అడగాలి. ప్రేమా ఆ మాటా రెండూ ఒకే నోట రావడం అమ్మ దగ్గర ఒక్కసారి వింటే చాలు, ఉండొచ్చు. వినకపోతే ఉండడం తన వల్ల కాదు. అంత తేల్చుకుని, ఫోన్ చేయకుండానే రైలెక్కారు. ఫోన్‌లో మాట్లాడడమంటే తనకు మొదటి నుంచీ గొంతు పెగలదు.

తనకు తెలియనిది ఒకటుంది. ఆ రోజే జరీనాను చూడడానికి నల్లమాడ నుంచి వచ్చారు. అంతకుముందు రెండు సంబంధాలు "అక్కకు పిచ్చంట కదా" అని తప్పిపోయాయి. అందుకని ఈసారి జమీలాబీ మాకు ఒక్కతే కూతురని చెప్పించింది. కూతురు అనేమాట వరకైతే అది నిజమే కదా అని మీరు నవ్వొచ్చు. ఆ తల్లి నవ్వి చెప్పలేదు.

నిషాత్ అంగడి మెట్లెక్కేసరికి కొత్త పరుపుల మీద తెల్ల దుప్పట్లు పరిచి చుట్టాలను కూర్చోబెట్టారు. ఇద్దరు మగవాళ్ళు, ఒక పెద్దావిడ. బుడన్‌సాబ్ ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. జమీలాబీ టీ పళ్ళెంతో పరదా దాటి వస్తోంది. కత్తిరించిన జుట్టు, చొక్కా ప్యాంటు, నుదుటి మీద గుంజకు కొట్టుకున్న నల్లటి మచ్చ, అలా నిలబడ్డారు నిషాత్ గడపలో.

పెద్దావిడ తల తిప్పి చూసింది. "ఎవరమ్మా?" అని అడిగింది.

జమీలాబీ పళ్ళెంతో మధ్యలో నిలబడింది. ఒక పక్క పరదా వెనక జరీనా, ఒక పక్క గడపలో నిషాత్. మింగలేదు, కక్కలేదు. చివరికి అంది.

"ఎవరో... పరుపు కోసం వచ్చినారు."

నిషాత్ ముఖం వెలిగింది. అవును, వెలిగింది! చెప్పిన మాట చెప్పినట్టే వినే చెవులు కదా అవి. అమ్మ వచ్చినారు అంది. అమ్మ నోటితో, నలుగురి ముందు, తన గురించి. ఒక్క రవ్వంత సేపు, జీవితమంతా ఎదురుచూసిన వెలుతురు ఆ ముఖం మీద పడింది. తర్వాత మిగతా మాటలు ఒక్కొక్కటే చేరుకున్నాయి. పరుపు కోసం. ఎవరో.

"పరుపు కోసం కాదమ్మా" అన్నారు నిషాత్.

అమ్మా అంటే చుట్టాలకు అనుమానం రాలేదు. అంగడికి వచ్చిన ప్రతివాడూ అమ్మా అనే అంటాడు.

జమీలాబీ పళ్ళెం చుట్టాల ముందు పెట్టింది. "ఈపొద్దు అంగడి లేదండీ. మళ్ళా రండి. తప్పకుండా మళ్ళా రండి" అంది. ఆ మాటలో ఆమె పంచప్రాణాలూ పెట్టింది. వీళ్ళు పోయినాక రా తల్లీ, సందు చివర నిలబడు, నేనే పిలుచుకుంటాను అని కళ్ళతో వెయ్యిసార్లు చెప్పింది. నిషాత్ ఎవరి కళ్ళలోకీ చూడరు కదా. నాయన వైపు చూశారు. బుడన్‌సాబ్ తల దించుకుని దుప్పటి మీది దూది పోగులు ఏరుతున్నాడు.

ఉలిగప్ప గొంతు గుర్తుకొచ్చింది. దొరగారు లేచినారా. మాటకు పైన ఒకటి, లోపల ఒకటి. మళ్ళా రండి అనేది కొనకుండా పోయే ప్రతి బేరగాడితో అమ్మ అనే మాటే, చిన్నప్పటి నుంచి విన్నదే.

"సరేనండీ" అన్నారు నిషాత్, తల్లితో. మెట్లు దిగి స్టేషను దారి పట్టారు.

అయ్యో, ఎంత పని జరిగింది! చెప్పిన మాట చెప్పినట్టు నమ్మే మనిషి మళ్ళా రండి అన్న ఆ ఒక్క మాటను నమ్మలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఒక్కసారే అమ్మ మాట వెనక ఇంకేదో ఉంటుందని తెలివిగా ఆలోచించారు. ఆ తెలివి నేర్పింది ఎవరు? నవ్వి నవ్వి, దొరగారూ దొరగారూ అని నేర్పింది మనమే కదా. మన చదువు బాగానే అబ్బింది.

చుట్టాలు సంబంధం ఖాయమన్నట్టే మాట్లాడి వెళ్ళారు. వాళ్ళ ఆటో మలుపు తిరగ్గానే జమీలాబీ చెప్పులు కూడా లేకుండా మార్కెట్టు దాకా పరుగెత్తింది. నిషాత్ కనపడలేదు. తిరిగొచ్చి, పొయ్యి మీద అన్నం పెట్టి, అంగడి తలుపులు బార్లా తీసి గడపలో కూర్చుంది.

"వస్తారు లే" అంది జరీనాతో. "మళ్ళా రండి అని చెప్పినా కదా. చెప్పింది చెప్పినట్టు ఇంటారు మా నిషాత్. వస్తారు."

జరీనా తల్లి ముఖంలోకి చూసింది. "అమ్మా, వస్తారు అన్యావు."

జమీలాబీకి తన మాట తనకే వినపడింది. కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత, కొత్త ముద్ద నమిలినట్టు, వస్తారు, వచ్చినారు, తింటారు అని చిన్నగా అనుకుంది. నోరు తిరగదన్నది కదా, తిరిగింది. కండ్లు పోలేదు. గడపలో మాత్రం ఎవరూ లేరు.

రైల్లో నిషాత్ కిటికీ పక్కన కూర్చున్నారు. పెనుకొండ కొండ వచ్చింది, పోయింది. ముద్దు చేసేవాళ్ళకు నేను వచ్చింది. నన్నెరగని వాళ్ళకు వచ్చినారు. గీతాంజలి అన్నదీ కొత్తలోనే కదా. ఈ రెండూ ఒకే నోట రావు, రాసిపెట్టి లేదు. అలా లెక్క తేల్చుకున్నాక దుఃఖం కూడా రాలేదు. ధర్మవరంలో దిగి నడిచి వెళ్ళి, మగ్గం పక్కన చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. నాగరత్నమ్మ "యాడికి పోయినావు బంగారూ, అన్నం తిందువు లే" అని ఎన్నిసార్లు పిలిచినా తిరగలేదు.

కొంతసేపటికి నాగరత్నమ్మ ఫోన్ మోగింది. జమీలాబీ.

"అమ్మా, నేను నిషాత్ తల్లిని. మా నిషాత్ ఆడికి వచ్చినారా? మంచిగా చేరినారా? ఏమన్నా తిన్నారా?"

ఇన్నేళ్ళుగా ఒక బిడ్డ అడిగిన మాటలన్నీ ఒక్క ఊపిరిలో అనేసింది ఆ తల్లి. తప్పొక్కటీ లేకుండా అంది. ఫోన్ నాగరత్నమ్మ చెవికి అదుముకుని ఉంది.

"వచ్చిందమ్మా, వచ్చింది" అంది నాగరత్నమ్మ, చాప వైపు ప్రేమగా చూస్తూ. "ఈడనే పండుకోనుండాది. ఏమీ తినలే. నువ్వేం దిగులు పడాకు, ఇది నాకూ బిడ్డే. ఏయ్ బంగారూ, మీ అమ్మ. మాట్లాడతావా?"

నిషాత్ గోడ వైపు నుంచి తిరగలేదు. అవతల అమ్మ ఏమని అడిగిందో తనకు వినపడలేదు. వినపడింది వచ్చింది అన్న మాట ఒక్కటే. రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని గట్టిగా మూసుకున్నారు.